పిల్ల ముందర అన్న మాటలు

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రత్యేక విద్య టీచర్లు కొందరు మదనపల్లెలో మా ఇంటికి వచ్చారు. చక్కని పిల్లలు. కాఫీ తాగి, గ్లాసులు కింద పెట్టి, అసలు సంగతి బయటపెట్టారు. "మేడం, ఆటిజం ఉన్న పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఏ మాట అనాలి, ఏ మాట అనకూడదు, ఒక పేపరు మీద రాసిస్తారా? జిరాక్స్ తీయించుకుంటాం."

ముందు నవ్వు వచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. నా సర్వీసంతా అలాంటి జిరాక్సుల కింద నలిగిపోయింది. పేపరు ఇవ్వలేదు, ఇంకో కాఫీ ఇచ్చి పంపించాను. వాళ్ళు వెళ్ళిపోయాక మనసు ఊరుకోలేదు. పాపం, అడిగిన మాటలో తప్పేముంది? అందుకని కూర్చుని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్ల గురించి ఉండదు. వచ్చినవి తక్కువ, వాటి కోసం తిరిగిన తిరుగుడు ఎక్కువ. నేను పనిచేసిన మూడు ఊళ్ళ గురించి, అక్కడ విన్న మాటల గురించి మాత్రం చెప్తాను.

నా పేరు ప్రమీల. మా నాన్న మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టరు. మాటకు ముందు ప్రార్థన, మాట తర్వాత ప్రార్థన ఉన్న ఇంట్లో పెరిగాను. అయినా నా నోరు కొంచెం దురుసు. ఈ పనిలో అది ఉపయోగపడింది.

దేవుని బిడ్డలు

తొంభైల మొదట్లో మదనపల్లెలో, మిషన్ కాంపౌండు పక్క వీధిలో, ఒక అద్దె ఇంట్లో చిన్న సెంటర్ ఉండేది. నాలుగైదు కుటుంబాలు కలిసి పెట్టుకున్నది. మాటలు ఆలస్యమైన పిల్లలు, నడక సరిగా రాని పిల్లలు, అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. దాన్ని నడిపే ఆవిడ కరుణమ్మగారు, నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మనసు వెన్న. అదే వచ్చిన చిక్కు.

ఆ పిల్లల్ని ఎవరైనా ఏ పేరుతో పిలిచినా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఒకే మాట అనాలి, దేవుని బిడ్డలు. సరే, అన్నాం. కానీ దేవుని బిడ్డలకు ఎవరూ పని చెప్పరు కదా! ఒక పిల్లవాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పిద్దామని కూర్చున్నాను. ఆవిడ పరుగున వచ్చింది.

"ఆ బిడ్డను యాల కష్టపెడతావు ప్రమీలా? వాడు దేవుని బిడ్డమ్మా."

"దేవుని బిడ్డేనమ్మా. గుండీలు పెట్టుకునేది వస్తే దేవునికేం నష్టం?"

చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లవాడు మాత్రం గుండీలు నేర్చుకున్నాడు, పైది కిందకి, కిందది పైకి పెట్టుకున్నా సరే.

ఆ సెంటర్‌కి దాతలు వచ్చేవాళ్ళు. ఎవరింట్లో పుట్టినరోజు అయినా మా పిల్లలకు బన్ను, అరటిపండు. మంచిదే, బన్ను బాగుండేది. కానీ ఇచ్చేటప్పుడు పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి ముందు ఆగి, "ఏమైందమ్మా ఈ బిడ్డకు? పుట్టుకతోనేనా? అమ్మానాయనా పోయినాక ఎవరు సూస్తారు?" అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్న వేసే చేతిలోనే బన్ను ఉండేది. ఇప్పుడైతే ఆటిజం అంటాం, అప్పుడు ఏమనాలో మాకే తెలియని ఒక పాప ఉండేది, స్టెల్లా. వీధిలో కారు ఆగిన చప్పుడు వినగానే వెళ్ళి బట్టల బుట్ట తలమీద బోర్లించుకుని కూర్చునేది. కరుణమ్మగారు నవ్వి, "సిగ్గు" అనేవారు. అది సిగ్గు కాదు, అభిప్రాయం.

మా వృత్తిలో అన్నిటికంటే ఎక్కువ వాడే మాట 'పాపం'. నిషేధించిన మాటలంటూ నాకు ఇచ్చిన ఏ జిరాక్సులోనూ అది కనిపించలేదు. ఇందాక మీ గురించి నేనే అన్నాను, చూడండి.

బోర్డు మారింది

తర్వాత సర్కారు ప్రాజెక్టులు వచ్చాయి, వాటితో ట్రైనింగులు వచ్చాయి. నేను రిసోర్సు టీచరునయ్యాను. అంటే ఒక బడి అని ఉండదు, మండలంలోని బడులన్నిటికీ బస్సుల్లో తిరగడమే పని.

ఆ రోజుల్లో మాటలు మారినంత వేగంగా ఇంకేదీ మారలేదు. మొద్దు అనకూడదు, మందబుద్ధి అనాలి అన్నారు. మందబుద్ధి కూడదు, బుద్ధిమాంద్యం అన్నారు. అదీ బాగాలేదు, మానసిక వికలాంగులు అన్నారు. అది కూడా తీసేసి, ప్రత్యేక అవసరాలు గల పిల్లలు అన్నారు. మాట మారినప్పుడల్లా గదిమీద బోర్డు చెరిపి కొత్తగా రాయించేవాళ్ళం. గదిలో ఫ్యాను మాత్రం మారలేదు. అసలు ఫ్యానే లేదు. ఈ మార్పుల వల్ల నిజంగా బాగుపడినవాడు బోర్డులు రాసే పెయింటరు.

ఒక ట్రైనింగులో పెద్దాయన ఒకాయన, కోటు వేసుకుని, ముందు మనిషిని చెప్పాలి, తర్వాతే లోపాన్ని చెప్పాలి అని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తెర మీద బొమ్మలు వేసి బోధించాడు. చాలా బాగా చెప్పాడు. పులిహోర తిని చేతులు కడుక్కునే దగ్గర నన్ను అడిగాడు కదా, "మీ మండలంలో కేసులెన్ని ఉన్నాయమ్మా?" అని. పోలీసు స్టేషను ఎటువైపో చూపించాలనిపించింది.

ఇక పిల్లలు మనకంటే చురుకు. ప్రత్యేక అవసరాలు అన్న మాట పొద్దున ప్రార్థనలో చెప్తే, సాయంత్రం ఆటల్లో వినపడింది. "రేయ్ స్పెషలూ! బాలు ఇట్ల ఎయ్‌రా!" అన్నాడు వికెట్ల వెనక పిల్లవాడు. పాత తిట్టు పోయి కొత్త తిట్టు వచ్చింది.

అయితే మాటల్లో ఏముందిలే, ఎట్లా అన్నా ఒకటే అంటున్నానని మాత్రం అనుకోవద్దు. ఆ మాట నా పేరు చెప్పి ఎవరైనా అంటే ఒప్పుకోను. మాటల్లో చాలా ఉంది. 'ఆటిజంతో బాధపడుతున్న బాలుడు' అని పేపర్లో రాస్తారు. ఆ పిల్లవాడు ఆటిజంతో బాధపడటం లేదు, మీరు సభలో పెట్టిన మైకు గోలతో బాధపడుతున్నాడు, అది తీసేయండి. 'ఈ పిల్లలు, నార్మల్ పిల్లలు' అని విడదీస్తారు. నా సర్వీసులో నార్మల్ హెడ్మాస్టరే కనపడలేదు, పిల్లల సంగతి తర్వాత చూద్దాం. 'మాటలు రావు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మనం అడిగినప్పుడు మాట్లాడదు, మనకు తెలిసిన తీరులో మాట్లాడదు అనండి, నిజం దగ్గరికి వస్తారు. ఆటిజం ఉన్న పిల్ల అనాలా, ఆటిస్టిక్ అనాలా అని కొట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఆ పిల్ల పెద్దదై నన్ను ఇట్లా పిలవండి అని చెప్తే అట్లా పిలవండి. చెప్పేదాకా అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉంది కదా, దానికేం రోగం?

గుడుపల్లె స్వామి

వరస ప్రకారం పుంగనూరు ముందు రావాలి. కానీ పుంగనూరు చెప్పాక ఇంకేమీ చెప్పబుద్ధి కాదు, అందుకని కుప్పం సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

నా సర్వీసు చివర కుప్పం వేశారు. అక్కడ తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో సర్దుకుని కూర్చుంటాయి, తిట్లు కూడా అంతే. గుడుపల్లె దగ్గర ఒక పల్లెలో మునిరత్నం అనే పిల్లవాడి గురించి చెప్పారు. ఆరేడేళ్ళుంటాయి. ఎవరి కళ్ళల్లోకీ చూడడు, గుండ్రంగా తిరుగుతూ ఉంటాడు, నోరు తెరవడు. వెళ్ళాను. ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. ఎవరైనా పోయారేమోనని భయపడ్డాను. లోపల చూస్తే పిల్లవాడి నుదుటి నిండా విభూది, మెడలో పూలమాల, ముందర పళ్ళెంలో టెంకాయ చిప్పలు.

వాళ్ళ అవ్వ మెల్లగా చెప్పింది. "మౌనసామి తల్లీ. మాటాడడు. సుట్టూ తిరిగినాడంటే అనుకున్న పని అయితాది."

"ఏం పనులైనాయవ్వా?"

"ఆ ఎదురింటాయప్ప బోరేస్తే నీళ్ళు పడినాయి."

"పడకపోతే?"

"పడకపోతే ఆయప్ప మనసులో భక్తి సాల్లేదని."

నేను వచ్చిన పని చెప్పాను, బిడ్డను బడికి పంపించండి అని. అక్కడున్న పెద్దమనిషి ఒకాయనకు నా అజ్ఞానం చూసి జాలేసింది. "దేవునికి బడి ఏంటికమ్మా? నువ్వే ఆయన కాళ్ళకు మొక్కిపో, ట్రాన్స్‌ఫరు అయితాది" అన్నాడు. నేను ట్రాన్స్‌ఫరు కోసం తిరుగుతున్న సంగతి ఆయనకెవరు చెప్పారో తెలీదు.

మదనపల్లెలో దేవుని బిడ్డ, గుడుపల్లెలో ఏకంగా దేవుడు. ఇంతకంటే గౌరవం ఏ సర్కారు జీవోలో ఉంటుంది చెప్పండి! మాట గౌరవంగానే ఉంది, పిల్లవాడికి మాత్రం పలక లేదు, తోడు ఆడుకునే పిల్లలు లేరు, మాల గుచ్చుకుని మెడంతా దద్దుర్లు. అది కనిపెట్టి మాల మీద పోరాటం మొదలుపెట్టాను. దద్దుర్లు చూపించి ముందు మాల తీయించాను, తర్వాత ఆదివారాలకు మాత్రం దర్శనం అన్నాను, మిగతా రోజులు బడి అన్నాను. అవ్వ ఒప్పుకుంది. బోరులో నీళ్ళు పడని వాళ్ళు కొందరు అప్పటికే నా పక్షాన చేరారు, అదీ కలిసొచ్చింది.

శేషాచలం సారు మర్యాద

ఇప్పుడు పుంగనూరు. రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి మాట.

ఏడో తరగతి దాకా ఉన్న బడి. పేరు చెప్పను. హెడ్మాస్టరు శేషాచలంగారు. అంత మర్యాదస్తుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అటెండరు చెంగప్పను తప్ప అందరినీ 'గారు' అనేవారు. నన్ను చూస్తే కుర్చీలోంచి లేచేవారు. మాటల విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. ఎవరైనా టీచరు పొరపాటున పాత మాట అంటే, చూపుడువేలు ఎత్తి, "ప్రత్యేక అవసరాలు గల" అని సరిదిద్దేవారు.

అదే బడిలో లెక్కల సారు మునెప్ప. ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట 'దున్నపోతా'. ఆడపిల్లలకు, మగపిల్లలకు, నల్లబల్లకు, అందరికీ అదే.

ఆ బడిలో రెడ్డెమ్మ చదివేది. సదుం పక్కన పల్లె వాళ్ళది. కొద్దిగా నేల ఉంది, బోరు ఎండిపోయింది. వాళ్ళ ఊరి బడిలో చేర్చుకోము అన్నారు, శేషాచలంగారికి ముందున్న హెడ్మాస్టరు దయతో పుంగనూరులో చేరింది. తల్లి నారాయణమ్మ రోజూ బస్సులో పిల్లను తెచ్చి బడిలో దింపి, టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోయి, సాయంత్రం తీసుకుని తిరిగి పోయేది.

రెడ్డెమ్మకు ఆటిజం. అప్పట్లో ఆ మాటకు సర్కారు లెక్కల్లో చోటు లేదు, దొరికిన గడిలో ఇరికించేవాళ్ళు. తను సొంతంగా మాట అల్లదు. విన్న మాటను విన్నట్టే, అన్నవాళ్ళ గొంతుతోనే, తిరిగి అంటుంది. స్టాఫంతా 'టేప్ రికార్డరు' అని నవ్వేవాళ్ళు. నేను వారానికొకసారి వెళ్ళి దగ్గర కూర్చునేదాన్ని కాబట్టి నాకు తెలిసింది, అది ఊరికే తిరిగి అనడం కాదు, దానికి ఒక లెక్క ఉంది. ఆకలేస్తే హెడ్మాస్టరు గొంతుతో "బెల్లు కొట్టరా చెంగప్పా" అంటుంది. ఇంటికి పోవాలనిపిస్తే కండక్టరు గొంతుతో "సదుం, సదుం, ఎక్కండమ్మా" అంటుంది. భయమేస్తే వాళ్ళమ్మ గొంతుతో "అయిపాయ, అయిపాయ" అని తనకు తనే చెప్పుకుంటుంది. మనకు మాటలు అరువిచ్చిన వాళ్ళెవరో మనం మర్చిపోయాం, రెడ్డెమ్మ మర్చిపోలేదు, అంతే తేడా.

మునెప్ప సారు క్లాసులో మాత్రం ఎక్కాలు చెప్పేది. "ఏమ్మే దున్నపోతా, యాడ సూస్తాండావు? ఏడో ఎక్కం చెప్పు" అని ఆయన అరిస్తే, ఆయన గొంతుతోనే ఏడో ఎక్కం మొత్తం వచ్చేది. ఆయనతో కూడా పోట్లాడాను, పేరు పెట్టి పిలవండి అని.

"అందర్నీ అంటాను కద మేడం, ఈ పిల్లనొకదాన్నే యాల ఇడిసిపెట్టాల?"

"అందర్నీ అనేది మానేయండి."

"ఆ!" అన్నాడు, ఊపిరి తీయడం మానేయమన్నట్టు. రెండు రోజులు మానేశాడని, మూడో రోజు నల్లబల్లను పట్టుకుని తిట్టాడని పిల్లలు చెప్పారు.

శేషాచలంగారు అట్లా కాదు. ఆయన ఒక గొప్ప ఏర్పాటు చేశారు. "ప్రత్యేక అవసరాలు గల బాలిక తరగతి గదిలో అసౌకర్యానికి గురవుతున్నది" అని, రెడ్డెమ్మను క్లాసులోంచి తీసుకొచ్చి, స్టాఫు రూములో నీళ్ళ కుండ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ స్టూలు చూపించేవారు. పాప రోజంతా అక్కడ కూర్చుని మంచినీళ్ళకు వచ్చేపోయేవాళ్ళను చూసేది. స్టాఫు మాట్లాడుకున్నవన్నీ దాని చెవిన పడేవి. దానికేం తెలుస్తుందిలే అని అందరికీ ధీమా.

ఆ ఏడు రెడ్డెమ్మ ఏడో తరగతి. ఏడుకు కామన్ పరీక్ష. శేషాచలంగారి బడిలో ఎప్పుడూ అందరూ పాసే. ఇక అర్థమైందిగా? దూర ఊరిలో ఎక్కడో ఒక హోం ఉందట, హాస్టలు కూడా ఉందట, అక్కడికి పంపించేయాలని ఆయన పట్టుపట్టారు. నారాయణమ్మను పిలిపించి, కుర్చీ వేసి, "అమ్మా, తమరి కుమార్తె సమగ్ర సంక్షేమం దృష్ట్యా" అని మొదలుపెట్టారు. ఆమెను ఆ బడిలో ఎవరూ అంతవరకు కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఊఁ అని వచ్చేసింది.

వరండాలో నా దగ్గర ఏడ్చింది. "అమ్మ కనపడకపోతే ఆడ అన్నం తినదు మేడమ్. దాని మాట ఆడ ఎవరికి తెలుస్తాది?"

"మరి ఎందుకు ఒప్పుకున్నావమ్మా?"

"అంత పెద్దాయన అంత మర్యాదగా చెప్తే కాదని ఎట్ల అనేది? తిట్టింటే నేనూ తిట్టిందును."

మర్యాదతో మనిషిని ఎట్లా నోరు మూయించవచ్చో ఆ రోజు చూశాను. ఒళ్ళు మండింది. జిల్లా ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. వాళ్ళు నన్ను కూర్చోబెట్టి, త్వరలో ఆ బడిలోనే అవగాహన సదస్సు ఉంది, ఆఫీసరమ్మ వస్తారు, అక్కడే తేలుస్తారు అన్నారు.

ప్రతిజ్ఞ

సదస్సు అనగానే శేషాచలంగారికి ఉత్సాహం వచ్చింది. మన బడుల్లో ఏ మంచి పని అయినా ప్రతిజ్ఞతోనే మొదలవుతుంది, చెట్లు నాటాలన్నా, పళ్ళు తోముకోవాలన్నా. అందుకని ఆయన స్వయంగా గౌరవ భాషా ప్రతిజ్ఞ రాశారు. ఏ మాటలు అనకూడదో పిల్లలకు స్పష్టంగా తెలియాలి కదా! కాబట్టి అవన్నీ అందులో పెట్టారు. ప్రార్థనలో బడి మొత్తం చేయి చాపి గట్టిగా చెప్పింది.

"మేము ఎవ్వరినీ పిచ్చోడా అని అనము! మొద్దు అని అనము! మెంటల్ అని అనము! తిక్కలోడా అని అనము!"

ఇట్లా ఇంకా చాలా. కొన్ని నేను కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. ఒకటో తరగతి పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని శ్రద్ధగా నేర్చుకున్నారు. మధ్యాహ్నం అన్నం బెల్లుకే కొత్త మాటలన్నీ పళ్ళేల దగ్గర వినపడ్డాయి. ఎవరైనా తిడితే రెండోవాడు, "ప్రతిజ్ఞలో ఉండాది, నువ్వు అనగూడదు" అని ఇంకోటి అనేవాడు. మునెప్ప సారు మాత్రం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆయన మాట ప్రతిజ్ఞలో లేదు.

ఆ రోజు

సదస్సు రోజు బడి ముందర షామియానా, బ్యానరు, మైకు. ఆఫీసరమ్మ కోస్తా వైపు మనిషి, కచ్చితంగా ఉండే మనిషి అని విన్నాను. ముందు వరసలో నారాయణమ్మ, పక్కన రెడ్డెమ్మ. మైకు కీచుమన్నప్పుడల్లా పాప చెవులు మూసుకుని "అయిపాయ, అయిపాయ" అనుకుంటోంది. మైకు ఆపమని నేను వెళ్ళి చెప్తే, చెంగప్ప సౌండు ఇంకొంచెం పెంచాడు.

రెడ్డెమ్మ ఈ బడిలోనే ఉంటుందా, హోంకు పోతుందా అన్నది ఆ పూట తేలిపోవాలి. నాకు మాట్లాడే అవకాశం ముఖ్య అతిథి ప్రసంగం తర్వాత అన్నారు. అంటే అంతా తేలిపోయాక.

శేషాచలంగారు లేచి, చేతులు జోడించి, గౌరవ భాష గురించి అరగంట చెప్పారు. మాటకు మాట తూచినట్టు ఉంది. చివరకు రెడ్డెమ్మ వైపు చేయి చూపించి, "ఈ ప్రత్యేక అవసరాలు గల బాలికను, ఆమె తల్లిగారి సంపూర్ణ సమ్మతితో, సముచితమైన సంస్థకు పంపదలచాము" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో కొట్టినవాళ్ళకే తెలియాలి.

ఆఫీసరమ్మ దిగి వచ్చి పాప ముందు వంగింది. అంతవరకు ఆ బడికి వచ్చిన అధికారుల్లో ఎవరూ వంగలేదు. "నీ పేరేంటమ్మా?"

"బెల్లు కొట్టరా చెంగప్పా" అంది రెడ్డెమ్మ.

అందరూ నవ్వారు. నేను లేచి, "మేడం, ఆకలేస్తోందని చెప్తోంది" అన్నాను. ఆవిడ వాచీ చూసుకుంది. భోజనం వేళ దాటిపోయింది.

"అదంతా మా ప్రమీలగారి వాత్సల్యం" అన్నారు శేషాచలంగారు చిరునవ్వుతో. "పాపకు మాటలు అర్థం కావండీ."

ఆఫీసరమ్మ తల్లి వైపు తిరిగింది. "ఏమ్మా, పంపించడం మీకు ఇష్టమేనా?"

నారాయణమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూస్తోంది. ఊఁ అనబోతోందని ఆమె గొంతు కదలడం చూసి నాకు తెలిసింది.

అప్పుడు శేషాచలంగారి గొంతు వినపడింది. ఆయన నోరు మాత్రం మూసుకునే ఉంది.

"ఈ పిచ్చిదాన్ని నెలాఖరు లోపల సాగనంపాల మునెప్పా. ఏడో తరగతి రిజల్టు పోతాది. వాళ్ళమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు మాటలు గౌరవంగా చెప్తే ఊఁ అంటాది. పల్లెటూరిది." తర్వాత ఒక దగ్గు, ఆయన దగ్గే. "టీ ఏమైందిరా చెంగప్పా?"

మునెప్ప సారు తల దించుకుని తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. శేషాచలంగారు మైకు వైపు చేయి చాపి వెనక్కి తీసుకున్నారు. కానీ పాతకాపు కదా, తేరుకున్నారు.

"క్షమించాలి మేడం. ఆ పాప మాటలకు అర్థం ఉండదు. అది ఆ పరిస్థితి లక్షణం. విన్నదాన్ని తిరిగి చెప్పడం తప్ప సొంతంగా ఒక్క మాట కూడా కల్పించలేదు."

"విన్నదాన్నే చెప్తుందా?" అంది ఆఫీసరమ్మ.

"అవును మేడం. ఎప్పుడు విన్నా, అక్షరం పొల్లు పోకుండా..."

అక్కడ ఆగిపోయారు. వెనక వరసలో టీచర్లెవరో కిసుక్కుమని నవ్వారు. నేను నవ్వలేదని చెప్పను.

నారాయణమ్మ లేచి నిలబడింది. వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది. "మా బిడ్డకు అబద్దం చెప్పేది చాతగాదు మేడమ్. ఊఁ అనింది నేను. ఆ సారు మర్యాదకు అన్నాను. నా బిడ్డను అడక్కుండానే అన్నాను. ఇప్పుడు బిడ్డే చెప్పింది, పంపించేస్తాండారు అని. అది పోదు. నేను పంపను."

రెడ్డెమ్మ ఆ మాటను ఎన్నాళ్ళు మోసిందో నాకు తెలీదు. నీళ్ళ కుండ పక్కన స్టూలు మీద కూర్చుని విన్నది, దాచుకుంది, తనను పంపించేస్తారన్న భయం వచ్చినప్పుడు తీసి చెప్పింది. సొంత మాట అంటే ఇంకెట్లా ఉంటుంది?

ఆఫీసరమ్మ మైకు దగ్గరకు పోలేదు. ముందు మైకు తీసేయమంది. తర్వాత పాప ముందర కింద కూర్చుని, పాపకే చెప్పింది. హెడ్మాస్టరుకు కాదు, తల్లికి కాదు, నాకూ కాదు.

"రెడ్డెమ్మా, నువ్వు ఇక్కడే చదువుకుంటావు. క్లాసులోనే కూర్చుంటావు. పరీక్ష కూడా రాస్తావు."

పాప ఆవిడ వైపు చూడలేదు, షామియానా గుంజ వైపు చూస్తోంది. అయినా విందని నాకు తెలుసు.

మీరు జిరాక్స్ అడిగారు. ఇదే నా జిరాక్స్. పిల్ల గురించి ఏ మాట అనాలో వెతుక్కునే ముందు, పిల్ల ముందర కూర్చుని పిల్లతో ఒక మాట అనండి. పిల్ల వినదనుకుని ఏదీ అనొద్దు. గదిలో పిల్ల ఉంటే ఉన్నట్టే. మిగతా మాటలు దాని వెనక వాటంతటవే సర్దుకుంటాయి, సర్దుకోకపోతే నాలాంటి దురుసు నోరు ఉన్నవాళ్ళు సర్దుతారు. శేషాచలంగారు మర్నాటి నుంచి నన్ను చూసి కుర్చీలోంచి లేవడం మానేశారు. నాకు చాలా హాయిగా ఉండేది.

ఆ సాయంత్రం నేను మదనపల్లె బస్సు ఎక్కలేదు. తల్లీకూతుళ్ళతో సదుం బస్సు ఎక్కాను. ఎందుకో ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. బస్సు నిండా మండీ నుంచి తిరిగిపోయే జనం, ఖాళీ టమోటా బుట్టలు. రోజూ బస్సులో రెడ్డెమ్మ ఏదైనా అంటే జనం తిరిగి చూసేవాళ్ళట, నారాయణమ్మ కొంగుతో పిల్ల నోరు మూసేదట. పల్లె చేరేదాకా పిల్ల నోటి మీది చేయి తీసేది కాదని నాకు తనే చెప్పింది.

బస్సు ఊరు దాటిందో లేదో, కిటికీ పక్కన కూర్చున్న రెడ్డెమ్మ, ఆఫీసరమ్మ గొంతుతో, ఆ కోస్తా యాసతో, స్పష్టంగా అంది.

"రెడ్డెమ్మా, నువ్వు ఇక్కడే చదువుకుంటావు. క్లాసులోనే కూర్చుంటావు."

ముందు సీట్లో ఇద్దరు తిరిగి చూశారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి చూశాడు. నారాయణమ్మ కొంగు మీదికి చేయి పోయింది. అక్కడే ఆగింది. ఆమె కళ్ళు నిండిపోయాయి, నావి కూడా.

"ఇంగొక తూరి చెప్పమ్మా" అంది. "గట్టిగా చెప్పు. ఎనక సీట్లోవాళ్ళకు ఇనపడలేదు."